తీరం దాటాక అసలు వాన: మొంథా గాలి తగ్గింది, మరి ఓరుగల్లు ఎందుకు మునిగింది?

ఓరుగల్లు_వాసి (హనుమకొండ) | 30 అక్టోబరు 2025, ఉదయం 6:52

అందరికీ నమస్కారం. కరెంటు ఇప్పుడే వచ్చింది, ఫోన్ ఛార్జింగ్‌లో పెట్టి రాస్తున్నాను.

మంగళవారం రాత్రి నరసాపురం దగ్గర మొంథా తుఫాను తీరం దాటుతున్నంతసేపూ మా ఇంట్లో అందరం టీవీ ముందే కూర్చున్నాం. మా మేనత్త వాళ్లది రాజోలు. గంటకు 90 నుంచి 100 కిలోమీటర్ల గాలి అంటుంటే ఆమె గురించే టెన్షన్. అర్ధరాత్రికి దాటేసింది, ఇక బలహీనపడుతుంది అన్నారు. నిన్న పొద్దున చూస్తే వాన, మధ్యాహ్నం వాన, రాత్రి దాకా అదే వాన. గాలి మాత్రం లేదు. మా ఇంటి ముందు మునగచెట్టు కొమ్మ కూడా విరగలేదు. సాయంత్రానికి వీధిలో మోకాళ్ల లోతు నీళ్లు. చీకటి పడ్డాక కింది వాటాలో ఉండే వాళ్లను పైకి తెచ్చుకున్నాం. వాళ్ల ఫ్రిజ్ నీళ్లలో తేలి తలుపుకు అడ్డం పడితే, కిటికీ ఊచలు వంచి ముసలాయనను బయటికి తీశాం. ఆఖరికి మేనత్తే రాజోలు నుంచి ఫోన్ చేసి "మీరెలా ఉన్నారురా" అని అడిగింది.

మా జిల్లాలోని భీమదేవరపల్లిలో వాన 40 సెంటీమీటర్లు దాటిందట. ఇక్కడి నుంచి సముద్రం సుమారు 250 కిలోమీటర్లు. బలహీనపడిన తుఫానుకు ఇంత నీళ్లు ఎక్కడివి? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

---

ఈసీఐఎల్_క్రాస్‌రోడ్ (హైదరాబాద్) | 7:10

అన్నా, ముందు మీరందరూ క్షేమమేనా? నీళ్లు తగ్గాయని వెంటనే మెయిన్ వేయకండి. స్విచ్ బోర్డుల్లోకి నీళ్లు వెళ్లి ఉంటే ఎలక్ట్రీషియన్ చూసేదాకా కింది వాటా లైను తీసేసే ఉంచండి. ఫ్రిజ్, మోటారు పూర్తిగా ఆరకుండా ప్లగ్ పెట్టవద్దు. సంపులోకి వీధి నీళ్లు కలిసి ఉంటాయి. మొత్తం తోడేసి, బ్లీచింగ్ పౌడర్ వేసి కడిగాకే వాడండి.

---

మబ్బుల_మాస్టారు (గుంటూరు) | 8:05

బాబూ, అందరూ ప్రాణాలతో పైకి చేరారు, అది చాలు. అడిగావు కాబట్టి కొంచెం పొడుగ్గానే చెబుతాను.

మన వాతావరణ శాఖ వాయుగుండానికీ తుఫానుకూ పెట్టిన మెట్లన్నీ గాలి వేగం మీద పెట్టినవి. గంటకు 62 కిలోమీటర్లు చేరితే తుఫాను, అప్పుడే పేరు వస్తుంది. 89 చేరితే తీవ్ర తుఫాను. మొంథా ఆ స్థాయిలో తీరం దాటింది. దిగేటప్పుడూ అవే మెట్లు: 62 కంటే తగ్గితే తీవ్ర వాయుగుండం, 50 కంటే తగ్గితే వాయుగుండం. ఈ మెట్లలో ఎక్కడా వాన లెక్క లేదు. అందుకే ఒక మెట్టు దిగిన రోజునే వాన రెట్టింపు కావడంలో వింత లేదు.

గాలి ఎందుకు తగ్గుతుందంటే, తుఫానుకు ఇంధనం వెచ్చని సముద్రం. నీరు ఆవిరై పైకి లేచి మబ్బుగా మారేటప్పుడు విడుదలయ్యే వేడితోనే అది తిరుగుతుంది. నేల మీదికి రాగానే ఆ సరఫరా తెగుతుంది. పైగా చెట్లు, ఇళ్లు, గుట్టలు అడ్డం పడి కింది గాలిని ఆపుతాయి. కేంద్రంలో పీడనం మెల్లగా పెరిగి సుడి వదులవుతుంది. కానీ అప్పటిదాకా పోగేసుకున్న తేమ ఎక్కడికీ పోదు. వేగం తగ్గిన గాలి గుండ్రంగా తిరగడం మాని లోపలికి ఒరుగుతుంది, అలా నాలుగు వైపుల నుంచి చేరిన తడిగాలికి పైకి లేవడం తప్ప దారి లేదు. లేచిన కొద్దీ చల్లబడి, తడి బట్టను పిండినట్టు కురుస్తుంది.

ఇంకో సంగతి. సుడి తెలంగాణ మీద ఉన్నా దాని తూర్పు చెయ్యి బంగాళాఖాతం మీదే ఉంటుంది. అక్కడి నుంచి తేమ వస్తూనే ఉంటుంది. సుడి నెమ్మదిగా కదిలితే ఒకే వరుస మబ్బులు ఒకే ఊరి మీదుగా గంటల తరబడి సాగుతాయి. పక్క మండలంలో ఓ మోస్తరు వాన, భీమదేవరపల్లిలో 40 సెంటీమీటర్లు పడేది అందుకే.

24 గంటల్లో 20.45 సెంటీమీటర్లు చేరితేనే అత్యంత భారీ వర్షం అంటారు. నిన్న భీమదేవరపల్లిలో పడింది దానికి దాదాపు రెట్టింపు. ఒక ఎకరం మీద 40 సెంటీమీటర్లంటే పదహారు లక్షల లీటర్ల నీరు. ఒక్క ఎకరం మీద!

---

కోనసీమ_కొబ్బరితోట (సఖినేటిపల్లి) | 8:40

ఓరుగల్లు గారూ, మీ మేనత్త గారి ఊరికి దగ్గరే మేమూ అండి. మా దగ్గర కరెంటు ముందే తీసేశారు. గోదావరిలో పంట్లు (రేవు దాటించే పడవలు) ఆపేశారు. నెలలు నిండిన ఆడవాళ్లను ముందే ఆసుపత్రులకు తరలించారు. పూరిళ్లలో వాళ్లను బడికి చేర్చి భోజనాలు పెట్టారు. 1996 నవంబరు తుఫాను చూసినవాళ్లం కాబట్టి చెబితే జనం కూడా కదులుతారు. అప్పుడు మా తోటల్లో నిలబడ్డ చెట్టు లేదు.

ఈసారి మాకు కొబ్బరి తక్కువ పోయింది, అరటి ఎక్కువ పోయింది. గెల వేసిన చెట్టు బరువుకు నడుం దగ్గర విరిగింది. వరి పాలు పోసుకునే దశలో నేలకు ఒరిగింది. అలా ఒరిగిన చేలో గింజ సగం తాలు. డ్రెయిన్లు పోటు మీద ఉంటే నీరు దిగదు, అదొక్కటే ఇప్పుడు మా బెంగ.

అయినా నాకు అనిపించేది ఇది: మాకు తుఫాను అంటే ఒక పద్ధతి ఉంది. ఎవరు ఎక్కడికి వెళ్లాలి, పశువులను ఎక్కడ కట్టాలి, ఏం దగ్గర పెట్టుకోవాలి అనేది పిల్లలకు కూడా తెలుసు. అదే తుఫాను మర్నాడు మీ ఊరు వస్తే మీకు ఆ పద్ధతి లేదు. మా కంటే మీకే ప్రమాదం.

---

ఓరుగల్లు_వాసి | 9:02

అండీ, మీరు చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. మా దగ్గర తుఫాను అనే మాటకే సముద్రం వాళ్ల సంగతి అన్న అర్థం. మాకు వరద గుర్తుంటే గోదావరి వరద, లేదా 2023 జులై. ఆ నెల 27న ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో దాదాపు 65 సెంటీమీటర్లు పడి, మోరంచపల్లి ఊరు ఊరంతా మునిగింది. అదీ తుఫాను కాదు. అల్పపీడనం.

---

రైలుబాట (విజయవాడ) | 9:30

నేను నిన్న డోర్నకల్ దగ్గర ఆగిపోయిన రైల్లో ఉన్నాను. స్టేషన్‌లో పట్టాలు కనపడలేదు, ప్లాట్‌ఫారం అంచు దాకా ఎర్రనీళ్లు. మా బోగీలో పసిపిల్లలు ఇద్దరు. పాల కోసం తల్లులు పడ్డ అవస్థ చూడలేకపోయాను. ఆ ఊరి కుర్రాళ్లు నడుం లోతు నీళ్లలో బిస్కెట్ ప్యాకెట్లు, నీళ్ల సీసాలు, కాచిన పాలు నెత్తిన పెట్టుకుని తెచ్చి కిటికీల్లోంచి అందించారు. ఎవరో తెలియదు, పేర్లు అడిగే వీలు కూడా లేదు. ఇక్కడ ఎవరైనా డోర్నకల్ వాళ్లు ఉంటే వాళ్లకు నా దండం చెప్పండి.

---

ఈసీఐఎల్_క్రాస్‌రోడ్ | 10:15

మాస్టారు చెప్పిందానికి మా 2020 అక్టోబరు సరైన సాక్ష్యం. అప్పుడు కాకినాడ దగ్గర దాటింది తుఫాను కూడా కాదు, తీవ్ర వాయుగుండం. 13న పొద్దున తీరం దాటింది, సాయంత్రం నుంచి హైదరాబాద్ మీద మొదలైంది. బేగంపేటలో 19 సెంటీమీటర్లు, ఘట్‌కేసర్‌లో 32. మర్నాటికి పాతబస్తీలో కార్లు కొట్టుకుపోతున్న వీడియోలు. పల్లెచెరువు తెగింది, తర్వాత కొద్ది రోజులకే గుర్రం చెరువు తెగింది. పేరు కూడా పెట్టని వాయుగుండం అంత పని చేసింది.

పేరు లేకపోతే టీవీలో కౌంట్‌డౌన్ ఉండదు. ఉన్నా తీరం దాటాక ఆపేస్తారు. నా కోపమంతా దాని మీదే.

---

ఉక్కునగరం (విశాఖపట్నం) | 10:48

హుద్‌హుద్ మా విశాఖను 2014 అక్టోబరు 12న కొట్టింది. మేమంతా చెట్లు, సెల్ టవర్లు, విమానాశ్రయం పైకప్పు లెక్కపెట్టుకుంటుంటే, బలం పోయిన దాని మిగులు 14వ తేదీకి నేపాల్ హిమాలయాల మీద మంచు తుఫానుగా పడింది. అన్నపూర్ణ దారిలో తోరంగ్ లా కనుమ దగ్గర ట్రెకింగ్‌కు వెళ్లినవాళ్లు, గైడ్లు, పశువుల కాపరులు కలిపి 40 మందికి పైగా చనిపోయారు. మా బీచ్ రోడ్డు మీది తేమ అక్కడ హిమపాతమైంది. ఆ కొండ మీద ఉన్నవాళ్లకు విశాఖ తుఫానుతో తమకేం పని అనిపించి ఉంటుంది కదా.

---

మస్కట్_మావయ్య (మస్కట్, సొంతూరు జగిత్యాల) | 11:20

మాది ఇంకా పెద్ద కథ. 2021 సెప్టెంబరు 26న గులాబ్ తుఫాను కళింగపట్నానికి ఉత్తరాన దాటింది. మా జగిత్యాల వైపు వానలు పోసి, మరాఠ్వాడాను ముంచి, గుజరాత్ మీదుగా అరేబియా సముద్రంలోకి దిగింది. వెచ్చని నీళ్లు దొరకగానే మళ్లీ లేచి షాహీన్ అయ్యింది. అక్టోబరు 3న ఒమన్ ఉత్తర తీరాన్ని, సువైఖ్, ఖాబూరా వైపు కొట్టింది. మామూలుగా ఏడాది మొత్తానికి పది సెంటీమీటర్లు పడితే గొప్ప అనుకునే నేల. అక్కడ రోజు తిరిగేలోపే 30 దాటింది. వాగులన్నీ ఒకేసారి పొంగాయి.

అమ్మ జగిత్యాల నుంచి "ఇక్కడ వాన తగ్గింది" అని చెప్పిన వారంలోనే మా క్యాంపులోని తెలుగు పిల్లలం పరుపులు నెత్తిన పెట్టుకుని పై అంతస్తుకు ఎక్కాం. బలహీనపడింది అనే మాట విని ఇక నేను నిశ్చింతగా ఉండను తమ్ముడూ.

---

జెర్సీ_తెలుగిల్లు (ఎడిసన్, న్యూజెర్సీ) | మధ్యాహ్నం 12:05

ఇక్కడ ఇంకా అర్ధరాత్రి దాటింది, నిద్ర పట్టక చదువుతున్నా. మా అనుభవం కూడా అచ్చం ఇదే. ఐడా హరికేన్ 2021 ఆగస్టు 29న లూసియానాలో తీరం దాటింది. మాకు దాదాపు రెండు వేల కిలోమీటర్ల దూరం. మూడు రోజులకు, అంటే సెప్టెంబరు 1 రాత్రి, దాని మిగులు మా నెత్తిన పడింది. న్యూయార్క్ సెంట్రల్ పార్కులో ఒక్క గంటలో 8 సెంటీమీటర్లు. న్యూయార్క్‌లో బేస్‌మెంట్ ఇళ్లలో అద్దెకుంటున్న వాళ్లు బయటికి రాలేక చనిపోయారు. న్యూజెర్సీలో 30 మంది దాకా పోయారు, చాలామంది కార్లలోనే.

అన్నయ్యలూ, దయచేసి ఇది మాత్రం ఇంట్లో అందరికీ చెప్పండి: పారే నీళ్లు అడుగు లోతుంటే చిన్న కారు తేలుతుంది. రెండు అడుగులైతే పెద్ద బండి కూడా కొట్టుకుపోతుంది. మన ఊళ్లలో వాగు మీది లోలెవల్ వంతెన దగ్గర "ముందు వాడు దాటాడుగా" అని దిగుతారు. కింద రోడ్డు కోసుకుపోయి ఉంటే పైనుంచి తెలియదు.

---

చెరువుకట్ట (పరకాల) | 1:30

నీటిపారుదల పనుల్లో చాలాకాలం ఉన్నవాణ్ని. ఆకాశం సంగతి మాస్టారు చెప్పారు, నేల సంగతి నేను చెబుతాను.

కోనసీమ నేల సమతలం. నీరు నిలుస్తుంది, మెల్లగా దిగుతుంది. మన దగ్గర నేల వాలు, కింద గ్రానైటు బండ, పైన పలుచటి ఎర్రమట్టి. అక్టోబరు చివరికి భూమి అప్పటికే తడిసి ఉంటుంది, చెరువులన్నీ నిండు కుండలు. అప్పుడు పడ్డ వాన ఇంకదు, పరుగెత్తుతుంది. అందుకే మీ వీధిలో గంటల్లో మోకాళ్ల లోతైంది.

కాకతీయుల కాలం నుంచి మనవి గొలుసుకట్టు చెరువులు. పై చెరువు మత్తడి (నిండాక నీరు పొర్లిపోయే అలుగు) దుంకితే ఆ నీరు కింది చెరువుకు, అక్కడి నుంచి ఇంకో చెరువుకు. ఈ పద్ధతి పెద్ద వానలకు తట్టుకునేలా కట్టిందే, మత్తడి నుంచి పోయే వాగు దారి తెరిచి ఉన్నంతవరకు. ఆ దారిలో కాలనీ లేచింది. ముప్పై అడుగుల వాగు ఆరడుగుల నాలా అయ్యింది. పై చెరువుకు గండి పడితే కింది చెరువు మీద రెండింటి బరువు పడుతుంది. నిన్న హనుమకొండలో నీళ్లు నిలిచిన చోట్లు చూడండి, పాత పటంలో అవన్నీ శిఖం భూములో (చెరువు నీరు నిలిచే నేల), వాగు పాయలో.

తీరం దాటిందన్న కబురు రాగానే మన దగ్గర జరగాల్సిన పని ఒకటే: కట్ట మీద మనిషి. మత్తడికి అడ్డం పెట్టిన వలలు, ఇసుక బస్తాలు ఉంటే తీసేయాలి. చేపల కోసం మత్తడికి వల కడతారు, దానికి గుర్రపుడెక్క పట్టుకుని నీటిని ఆపేస్తుంది, కట్ట తెగుతుంది. తూము తలుపు తిరుగుతుందో లేదో చూడాలి. ఇవన్నీ వాన మొదలు కాకముందు ఇద్దరు మనుషులు పూటలో చేసే పనులు.

---

ఈసీఐఎల్_క్రాస్‌రోడ్ | 1:55

మరి ముందే చెప్పాల్సింది ఎవరు? హెచ్చరిక సరిగ్గా ఉండి ఉంటే ఓరుగల్లు అన్న వాళ్ల కింది వాటా వాళ్లు సామాను పైకి చేర్చుకునేవాళ్లు కదా.

---

మబ్బుల_మాస్టారు | 2:20

ఇక్కడ నేను మీతో పూర్తిగా ఏకీభవించను బాబూ. తెలంగాణకు భారీ వర్ష సూచన ఉంది. కానీ పసుపు, నారింజ, ఎరుపు అని ఇచ్చే ఆ హెచ్చరిక రంగు జిల్లా మొత్తానికి ఒకటే వస్తుంది. జిల్లాలో ఏ మండలం మీద మబ్బుల వరుస నిలబడుతుందో ముందు రోజు చెప్పడం ఇవాళ్టి విజ్ఞానానికి కూడా కష్టమే. కొద్ది గంటల ముందు రాడార్ చూసి చెప్పగలరు. ఆ రెండు మూడు గంటల కబురు వీధి చివరి ఇంటి దాకా చేరే దారి లేకపోవడమే అసలు లోటు.

---

కోనసీమ_కొబ్బరితోట | 2:45

మా దగ్గర ఆ కబురు మైకు కట్టిన ఆటోలో వస్తుందండి. వాట్సాప్‌లో వచ్చింది సగం మంది నమ్మరు, సగం మందికి సిగ్నల్ ఉండదు. ఆటో వీధిలోకి వస్తే మాత్రం అందరూ గుమ్మంలోకి వస్తారు.

---

ఓరుగల్లు_వాసి | 3:10

మా పల్లెల్లో డప్పు చాటింపు ఇంకా ఉంది. గ్రామసభకు, పన్ను వసూలుకు వేస్తారు. వానకు వేసింది నేనెప్పుడూ వినలేదు. మా కాలనీ వాట్సాప్ గ్రూపులో ఈ మాట ఇప్పుడే పెట్టాను. చెరువుకట్ట గారు రాసిన వల, తూము సంగతి కూడా కాపీ చేసి పెట్టాను, అభ్యంతరం లేదనుకుంటా.

---

చెరువుకట్ట | 3:18

మంచి పని. ఎంతమందికైనా పంపండి.

---

పత్తిచేను (మహబూబాబాద్ జిల్లా) | సాయంత్రం 5:40

అందరికీ దండాలు. నాకు నాలుగెకరాల పత్తి, రెండెకరాల వరి. వరి కోసి వడ్లు కొనుగోలు కేంద్రం దగ్గర ఆరబోసినం. వాన అంటే టార్పాలిన్ పట్టాలు కప్పినం. పైన కప్పితే ఏం లాభం, నీళ్లు కింది నుంచి వచ్చినయి. కుప్ప అడుగు సగం తడిసింది. కొన్ని వడ్లు కాలువలోకి పోయినయి, చేతులతో, చీపురుతో ఎత్తినం. హుస్నాబాద్ మార్కెట్ యార్డులో కూడా ఇట్లనే కొట్టుకుపోయినయని విన్నా. ఇప్పుడు కుప్పలో చెయ్యి పెడితే వేడిగా తగులుతుంది, పులిసిన వాసన వస్తుంది. కొన్ని గింజల ముక్కు పగిలి తెల్లగా కనిపిస్తుంది. తేమ 17 శాతం దాటితే కొనరు. ఈ 2025-26 సీజనుకు ఏ గ్రేడు క్వింటాలుకు 2,389 రూపాయల మద్దతు ధర కాగితం మీద ఉంది, ఈ వడ్లకు ఎవరు ఇస్తరు?

పత్తి రెండో ఏరుడుకు విచ్చుకుని ఉంది. తెల్లగా ఉన్నదంతా గోధుమ రంగుకు తిరిగింది. చేన్లో నీళ్లు నిలిచినయి, చెట్టు ఆకు వాలేసింది. ఏం చేయాలో చెప్పండి.

---

పొలంబడి (కరీంనగర్) | 6:15

అన్నా, ధైర్యంగా ఉండండి. వడ్ల సంగతి ఈ రాత్రే చూడాలి, పత్తి రేపు పొద్దున చూసినా నడుస్తుంది.

తడిసిన వడ్లను కుప్పగా ఉంచొద్దు. వేడెక్కేది అందుకే. పొడి వడ్లు, తడి వడ్లు ముందు వేరు చేయండి. ఎండ లేదు కాబట్టి తడి వడ్లకు క్వింటాలుకు 5 కిలోల ఉప్పు, 20 కిలోల పొడి ఊక కలిపి పెట్టండి. ఉప్పు మొలకను ఆపుతుంది, ఊక తేమను లాగుతుంది. ఎండ వచ్చాక పలుచగా ఆరబోసి తూర్పారబడితే ఊక పోతుంది. షెడ్డు కింద ఫ్యాన్ గాలి తగిలినా మంచిదే. ఈసారి పోసేటప్పుడు ఎత్తైన చోటు చూసి, చుట్టూ చిన్న కాలువ తీయండి.

కోయని వరి పడిపోయి గింజ నీటిలో ఉంటే, నీరు తీసేసి లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి గింజ తడిసేలా పిచికారీ చేయాలి. కోనసీమ వాళ్లు కూడా గింజ గట్టిపడిన చేలకు ఇది చేయొచ్చు. పాల దశలో ఉన్న చేలకు వద్దు, వాటికి నీరు తీసేసి నాలుగైదు దుబ్బులు కలిపి లేపి కట్టడమే.

పత్తికి మొదటి పని నీరు బయటికి పంపడం. చెట్టు తేరుకోవడానికి లీటరుకు 10 గ్రాముల 13-0-45 (పొటాషియం నైట్రేట్ ఎరువు) కొట్టండి. వాలిన చెట్ల మొదళ్ల దగ్గర లీటరుకు 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ పోయండి, చుట్టూ ఉన్న మంచి చెట్లకు కూడా. తడి పత్తిని పొడి పత్తితో కలపొద్దు. తేమ 12 శాతం దాటితే కొనరు, రంగు మారిన పత్తి కలిస్తే మంచిదాని ధర కూడా పడిపోతుంది.

ఏదీ శుభ్రం చేయకముందే ఫోటోలు తీసి, పాసుబుక్కు జిరాక్స్‌తో మీ ఏఈఓ (వ్యవసాయ విస్తరణ అధికారి) దగ్గర పంట నష్టం రాయించుకోండి. చేను దున్నేశాక వస్తే రాయడానికి వాళ్లకు ఏమీ కనిపించదు.

---

పత్తిచేను | 31 అక్టోబరు, మధ్యాహ్నం 2:30

అన్నా, రాత్రే మిల్లు నుంచి ఊక తెచ్చి ఉప్పు కలిపినం. పొద్దున చెయ్యి పెడితే వేడి లేదు, వాసన తగ్గింది. మొలక వచ్చినవి పక్కన పెట్టినం, అవి కోళ్లకే. ఏఈఓ వచ్చి రాసుకుని పోయిండు. ఇప్పుడు కష్టం పట్టాలది. నావి రెండు చినిగినయి, అద్దెకు అడిగితే రేటు డబుల్ చెబుతున్నరు. కేసముద్రం దిక్కు ఎవరి దగ్గరన్నా ఖాళీగా ఉంటే వారం కోసం ఇయ్యగలరా?

---

చెరువుకట్ట | 2:52

మా బామ్మర్ది కేసముద్రంలోనే ఉంటాడు. కోత అయిపోయింది, పెద్ద పట్టాలు మూడు ఇంట్లోనే ఉన్నాయి. మాట్లాడాను, అద్దె వద్దన్నాడు. ఫోన్ నంబరు ఇక్కడ పెట్టకుండా నాకు విడిగా మెసేజ్ చేయి, సాయంత్రం ట్రాలీలో పంపిస్తాడు.